గన్నవరం నుంచి గన్నవరానికి

గన్నవరంలో లేచి మళ్ళీ గన్నవరంలోనే దిగే విమానం ఎప్పుడైనా ఎక్కారా? మేం ఎక్కేవాళ్ళం. తొంభైల చివర్లో, ఎక్కువగా సంక్రాంతి నుంచి శివరాత్రి లోపు, ఆదివారం పొద్దున్నే. ముప్పావుగంట, మహా అయితే గంట గాల్లో తిరిగి, ఎక్కిన చోటే దిగి, హైవే మీద బడ్డీకొట్లో టీ తాగి, టిఫిన్ వేళకి ఇంట్లో ఉండేవాళ్ళం. మా పిల్లలకి చెబితే "అయితే ఎక్కడికి వెళ్ళినట్టు?" అంటారు. ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ తర్వాత ఉద్యోగం పేరుతో ఢిల్లీ అనీ ముంబై అనీ బోలెడు విమానాలు ఎక్కాను. వాటిల్లో ఒక్కటైనా విడిగా గుర్తుందా అంటే లేదు, ఏ సీటు, ఏం తిన్నాను, పక్కన ఎవరు, అన్నీ కలగాపులగం అయిపోయాయి. ఈ ఎక్కడికీ వెళ్ళని ప్రయాణాలు మాత్రం మలుపు మలుపూ గుర్తున్నాయి.

విమానం నాది కాదు లెండి, మా బావది. మేనత్త కొడుకు, నాకంటే పదేళ్ళు పెద్ద, గుంటూరులో పొగాకు వ్యాపారం. కుర్రతనంలో చదువు కోసం హైదరాబాదులో ఉన్నప్పుడు బేగంపేటలో ఫ్లయింగ్ క్లబ్బులో చేరి పుష్పక్ మీద నేర్చుకున్నాడు. పుష్పక్ అంటే బెంగళూరు హెచ్ఏఎల్ వాళ్ళు 1958లో తొలిసారి ఎగరేసిన రెండు సీట్ల బుల్లి విమానం. 90 హార్స్‌పవర్ ఇంజను, పైన గుడ్డ బిగించి రంగు పూసి ఉండేది. మన దేశంలో ఎంతోమంది పైలట్లు అక్షరాభ్యాసం చేసింది దాని మీదే. కొడుకు గుడ్డ విమానంలో ఎగురుతున్నాడని తెలిసి మా అత్తయ్య రెండు రోజులు అన్నం మానేసిందని ఇంట్లో చెప్పుకునేవారు. అత్తయ్యని అడిగితే మాత్రం "ఒక పూటేలే" అనేది. తర్వాత వ్యాపారం నిలదొక్కుకున్నాక, హైదరాబాదులో ఒక స్నేహితుడితో చెరిసగం వేసుకుని పాత సెస్నా 172 ఒకటి కొన్నాడు. నాలుగు సీట్లు, ఒకటే ఇంజను. చలికాలంలో కొన్ని వారాలు దాన్ని గన్నవరం తెచ్చి పెట్టుకునేవాడు.

అప్పటి గన్నవరం వేరు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వేసిన ఎయిర్‌ఫీల్డ్ అది. చిన్న ఊళ్ళకి నడిచిన ప్రభుత్వ ఎయిర్‌లైన్ వాయుదూత్ విమానాలు వచ్చిపోయిన రోజులు అయిపోయాయి, 2003లో హైదరాబాద్ సర్వీసు మొదలవడానికి ఇంకా టైముంది. మధ్యలో ఆ కొన్నేళ్ళు ఏ మంత్రిగారో వచ్చినప్పుడు తప్ప అక్కడ సందడే ఉండేది కాదు. బావ విమానం దింపితే అందరికీ కాస్త పని దొరికినట్టు ఉండేది, సెక్యూరిటీ ఆయన దగ్గర్నుంచి టవర్లో కంట్రోలర్ దాకా "ఈసారి ఎన్నాళ్ళుంటారండీ?" అని అడిగేవాళ్ళు.

పొద్దున్నే వెళ్ళేసరికి రెక్కల మీద మంచు బొట్లు బొట్లుగా ఉండేది. ముందు నా పని అది తుడవడమే. బావ ఈలోగా విమానం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసేవాడు. చేత్తో తడిమి చూడందే నమ్మడు. రెక్క చివర కదిలే పలక, ఐలెరాన్ అంటారు, దాన్ని పట్టుకుని పైకీ కిందకీ కదిపేవాడు, ప్రొపెల్లర్ అంచు వెంబడి వేలు పోనిచ్చి రాయి తగిలి గాటు ఏమన్నా పడిందా అని చూసేవాడు, పిచ్చుక ఏమైనా గూడు పెట్టిందేమోనని ఇంజను కవరు సందుల్లోకి టార్చి వేసేవాడు. వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది పెట్రోలు పరీక్ష. చిన్న పారదర్శకమైన కప్పు తీసుకుని రెక్క కింద ఉండే మూతని దానితో పైకి నొక్కితే ట్యాంకు అడుగు నుంచి కాస్త పెట్రోలు కప్పులోకి దిగుతుంది. ఈ ఏవ్‌గ్యాస్ అనేది లేత నీలం రంగులో ఉంటుంది, రకం గుర్తుపట్టడానికి కంపెనీలే రంగు కలుపుతాయి. రాత్రి చల్లబడినప్పుడు ట్యాంకులో ఖాళీగా ఉన్న చోట తేమ నీరవుతుంది, నీళ్ళు బరువు కాబట్టి అడుక్కి చేరతాయి. కప్పు ఎత్తి ఆకాశం వైపు పట్టి చూస్తే నీలం కింద రంగులేని బుడగ ఒకటి అటూ ఇటూ దొర్లుతుంటే అది నీళ్ళన్నమాట. అది కనబడకుండా పోయేదాకా మళ్ళీ మళ్ళీ తీసేవాడు. గన్నవరంలో ఆ పెట్రోలు దొరికేది కాదు, హైదరాబాదు నుంచి డ్రమ్ముల్లో తెప్పించుకునేవాడు. గంటకి ముప్పై లీటర్లు పైచిలుకు తాగుతుంది, అందుకే ఆ కప్పులో తీసింది పారబోస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

ఇంకో తతంగం తూకం. నాలుగు సీట్లున్నాయి కదా అని నలుగురు ఎక్కడానికి వీల్లేదు. ఆ విమానం మనుషులూ పెట్రోలూ అన్నీ కలిపి 1043 కిలోలు దాటకూడదు. విమానం బరువు తీసేసి, పెట్రోలు తీసేస్తే మనుషులకి మిగిలేది అంతంత మాత్రం. అందుకని బావ కారు డిక్కీలో బాత్రూం తూకం మిషన్ ఒకటి పడేసుకుని వచ్చేవాడు. మా అత్తయ్యని మొదటిసారి ఎక్కిద్దామని తెచ్చిన రోజు అందరి ముందూ ఆ మిషన్ ఎక్కమన్నాడు. ఆవిడ ఎక్కనంది. "నా కొడుకు విమానం, నేను ఎక్కడానికి నన్ను బెల్లం బుట్టలా తూస్తావా?" అని. బావ నవ్వకుండా "అమ్మా, నువ్వు ఎంతున్నావో నువ్వే చెప్పు, నమ్ముతా" అన్నాడు. ఆవిడ చెప్పిన అంకె విని పక్కన మామయ్య దగ్గాడు. బావ ఆ అంకెకి తనే కొంత కలుపుకుని కాగితం మీద రాసుకుని, నన్ను దింపేశాడు. ఆ రోజు నేను కింద నిలబడే చూశాను. దిగాక అత్తయ్య నాకు చెప్పిన మొదటి మాట, "కృష్ణలో నీళ్ళు బొత్తిగా లేవురా" అని.

చుట్టాలు టిక్కెట్టు ఎంత అని అడిగేవాళ్ళు. తెనాలి నుంచి వచ్చిన ఒకాయనైతే ఊరికే ఎక్కడం బాగోదని కవర్లో డబ్బులు పెట్టి ఇవ్వబోయాడు. బావ దండం పెట్టి వెనక్కి ఇచ్చేశాడు. మర్యాద కోసం కాదు, ప్రైవేట్ పైలట్ లైసెన్సు మీద డబ్బు తీసుకుని మనిషిని ఎక్కించుకోకూడదు, అది రూలు. వడలూ పులిహోరా తేవడానికి మాత్రం ఏ రూలూ అడ్డం కాదు కాబట్టి ఆదివారాలు మాకు తిండికి లోటుండేది కాదు.

ఇక ఎగరడం. రన్‌వేకి రెండు కొసలా 08, 26 అని అంకెలుంటాయి, దిక్సూచిలో 80 డిగ్రీలు, 260 డిగ్రీలు అని అర్థం. గాలిని బట్టి ఎటు నుంచి లేవాలో నిర్ణయం. 26 వైపు లేచామంటే ముక్కు సూటిగా బెజవాడ వైపే ఉంటుంది. పూర్తి పవర్ ఇస్తే డాష్‌బోర్డు మొత్తం గజగజా వణికేది, స్పీడు ముల్లు 55 నాట్ల (గంటకి దాదాపు వంద కిలోమీటర్లు) దగ్గరికి వచ్చేసరికి బావ కంట్రోలు కొద్దిగా లాగేవాడు, అంతే, చక్రాల చప్పుడు ఆగిపోయేది. పెద్ద విమానంలో సీటుకి వీపు అతుక్కుపోతుందే, అలాంటిదేమీ ఉండదు. నెమ్మదిగా, కింద కొబ్బరిచెట్ల మట్టలు లెక్కపెట్టుకోవచ్చు అన్నంత నెమ్మదిగా పైకి పోతుంది. పదిహేను వందల అడుగులకి చేరాక ఇంజను తగ్గించి, "తియ్" అనేవాడు. కిటికీ తీయమని. ఆ విమానంలో కిటికీ అద్దం కింది అంచు గడియ తీసి తోస్తే చాలు, గాలే దాన్ని పైకి ఎత్తి రెక్క కిందకి అంటించేస్తుంది, మనం పట్టుకోనక్కర్లేదు. రెక్కలు నెత్తి మీద ఉంటాయి కాబట్టి కిందికి చూడటానికి ఏ అడ్డూ ఉండదు. చలికాలం పొద్దున పొగ వాసన, ఎక్కడో చెరుకు గానుగ వాసన, అంత ఎత్తుకి కూడా వచ్చేవి.

నా లెక్కలో ఆ పదిహేను వందల అడుగులే అసలు ఎత్తు. మేడ మీద నుంచి చూస్తే పక్కింటి పెరడు దాకా కనిపిస్తుంది, ముప్పై అయిదు వేల అడుగుల నుంచి చూస్తే జిల్లాకి జిల్లా బూడిదరంగు మరక. ఈ మధ్య ఎత్తులో మాత్రం మనిషి మనిషిలా, గేదె గేదెలా, ఊరు ఊరిలా ఉంటూనే ఊరికీ ఊరికీ ఉన్న సంబంధం కూడా కనిపిస్తుంది. బెజవాడలో పుట్టి పెరిగిన నేను, ఊళ్ళో మూడు కాలువలు ఎలా చీలాయో నిజంగా తెలుసుకున్నది అక్కడినుంచే. చిన్నప్పుడు మాకు కాలువ అంటే సైకిలు మీద దాటే వంతెన, అంతే. పైనుంచి చూస్తే ప్రకాశం బ్యారేజీ దగ్గర ఎడమ గట్టున బయల్దేరిన నీళ్ళు ఊళ్ళోకొచ్చి బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువగా విడిపోయి ఎవరి దారిన వాళ్ళు పోవడం ఒక్క చూపులో తెలిసిపోతుంది. బ్యారేజీ దాకా గన్నవరం నుంచి ఏడెనిమిది నిమిషాలు. 1957లో కట్టిన ఆ 70 గేట్లూ వరసగా, పైన నిండుగా ఆకుపచ్చ నీళ్ళు, కింద ఇసక, ఆ ఇసకలో దారి వెతుక్కుంటూ పోయే సన్నటి పాయలు. ఎగువన భవానీ ద్వీపం, దూరంగా ఇబ్రహీంపట్నం థర్మల్ గొట్టాల పొగ. గాలి ఎటు వీస్తోందో ఆ పొగని చూసే బావ చెప్పేసేవాడు.

మంగళగిరి కొండ ఏనుగు ఆకారంలో ఉంటుందని అందరూ అంటారు కదా. పక్కనుంచి చూస్తే ఏమో గానీ పైనుంచి నాకెప్పుడూ ఏనుగు కనబడలేదు. గాలిగోపురం మాత్రం ఆ పొద్దుటి ఎండకి తన కంటే పొడుగు నీడ వేసుకుని ఉండేది, అది చూడాల్సిందే.

ఇంత చెబుతున్నాను కదా, ఒక్క ఫోటో పెట్టలేదేమని అడుగుతారేమో. లేదు. ఆ రోజుల్లో ఆకాశం నుంచి ఫోటో తీయాలంటే అనుమతి కావాల్సి వచ్చేది, 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లోనే ఉండేది. బావ ఆ విషయంలో చండశాసనుడు, కెమెరా కారులో పెట్టి తాళం వేయించేవాడు. అప్పట్లో తిట్టుకున్నాను. ఇప్పుడనిపిస్తుంది, కెమెరా ఉంటే దాంట్లోంచే చూసేవాణ్ణేమో అని.

అన్నిటికంటే నాకు గుర్తుండిపోయింది తాతయ్యని ఎక్కించిన రోజు. మా నాన్నకి నాన్న. పీడబ్ల్యూడీలో లస్కరుగా చేసి రిటైరయ్యాడు. దుగ్గిరాల లాకుల దగ్గర పని. తూములు ఎత్తడం, దించడం, గట్టు వెంబడి నడిచి ఎక్కడన్నా గండి పడిందా, ఎవరన్నా దొంగతూము పెట్టారా అని చూడటం, జీవితమంతా అదే. బక్క మనిషి, తూకం మిషన్ మీద నిలబడితే ముల్లు యాభై దగ్గర ఆగింది, బావ "ఇలాంటి ప్యాసింజర్లే కావాలి" అని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. తాతయ్య పంచె గోచీ పెట్టి ఎగ్గట్టుకుని, కండువా తలకి చుట్టుకుని ఎక్కాడు. హెడ్‌సెట్ ఆ తలపాగా మీదే పెట్టాం. నేను వెనక.

టెన్షన్ పడతాడేమో అనుకున్నాం. లేచిన రెండు నిమిషాలకే బావ భుజం తట్టి, చేత్తో సీతానగరం వైపు పోనీమని చూపించాడు. హెడ్‌సెట్ ఉంది, మాట్లాడితే వినబడుతుందని చెప్పాం గానీ ఆయన చివరిదాకా అరుస్తూనే ఉన్నాడు, మాకు చెవులు గింగుర్లెత్తాయి. నది నీళ్ళు కాలువలోకి వదిలే సీతానగరం హెడ్ స్లూయిస్ దగ్గర మొదలుపెట్టి కాలువ వెంబడే పోనిచ్చాడు బావ. తాతయ్య కిటికీలోంచి తల తిప్పలేదు. "అదుగో ఆ వంపు, అక్కడ గట్టు మెత్తన, ఎప్పుడూ జారేది." "ఆ తోపు పక్కన చూడు, ఇంకా పైపు పెట్టి లాగుతున్నాడు." దుగ్గిరాల లాకుల మీద బావ కుడి రెక్క వంచి గుండ్రంగా తిప్పాడు, తాతయ్య వైపు కిటికీ నేల వైపుకి తిరిగింది. లాకులు, పక్కన క్వార్టర్లు, అక్కడినుంచి కొమ్మమూరు కాలువ పెదగంజాం వైపు పోయే దారి, మిగతావి తెనాలి వైపు. ఒకప్పుడు ఈ కాలువల మీద పడవల్లో మద్రాసు దాకా సరుకు పోయేదని ఆయన చెబుతుంటే చిన్నప్పుడు కథలా వినేవాణ్ణి. ఆ దారి కనిపిస్తుంటే కథ అనిపించలేదు.

"ఒరే, చూశావా," అన్నాడు నాతో, "కాలువ మెరక పట్టుకు పోతుంది, మురుగు పల్లం పట్టుకు పోతుంది." ఏటవాలు ఎండలో రెండూ తళతళా మెరుస్తున్నాయి, ఒక కాలువ, ఒక డ్రెయిను, మళ్ళీ ఒక కాలువ, ఒక డ్రెయిను, మధ్యలో పొలాలు. మెరక మీద పోయే కాలువ రెండు పక్కలా నీళ్ళిస్తుంది, వాడగా మిగిలింది పల్లంలోని డ్రెయిన్లో పడి సముద్రానికి పోతుంది. డెల్టా అంతా ఇంతే. నేల మీద నిలబడితే గీత గీసినట్టు చదునుగా కనిపించే మా ప్రాంతంలో మెరకేమిటో పల్లమేమిటో నాకు ఏనాడూ తెలియలేదు. పైనుంచి చూస్తే గానీ నాకు తెలియనిది ఆయనకి కాళ్ళతోనే తెలుసు. దిగాక ఎలా ఉంది తాతయ్యా అంటే, "చివరి భూములకి నీళ్ళెందుకు అందవో కింద నుంచి అందరికీ చెప్పి చెప్పి అలిసిపోయా. ఇంజనీర్లని ఒకసారి దీన్లో ఎక్కించండి" అన్నాడు. విమానం గురించి ఒక్క మాట లేదు. వారం రోజుల తర్వాత మాత్రం ఊళ్ళో రచ్చబండ దగ్గర కండువా ఎలా చుట్టుకోవాలో చూపిస్తున్నాడని నాన్న చెప్పాడు.

రంగుల సంగతి చెప్పాలి. జనవరిలో అయితే వరి కోసేసిన చేలల్లో మినుము పచ్చగా పరుచుకుని ఉంటుంది, మధ్యమధ్య కుప్పలు. ఫిబ్రవరి వస్తే దుగ్గిరాల, కొల్లిపర వైపు పసుపు ఉడకబెట్టి ఆరబోసిన కల్లాలు. అక్కడినుంచి గుంటూరు దాటి పడమరగా పోతే నల్లరేగడి, ఆ నలుపు మీద మిరపకాయలు ఆరబోసిన కల్లాలు. ఎరుపు అంటే మామూలు ఎరుపు కాదు, పొద్దుటెండ పడితే కళ్ళు చికిలించుకుని చూడాల్సినంత. ఒక్క ప్రయాణంలో పచ్చ, పసుపు, నలుపు, ఎరుపు, ఇరవై నిమిషాల తేడాలో. మిర్చి యార్డులో బస్తాలు చూశాం, ఘాటుకి తుమ్మాం, కానీ ఆ కాయంతా అంతకుముందు నేల మీద ఇలా పడుకుని ఉంటుందని గుంటూరులో ఉండేవాళ్ళకి కూడా చాలామందికి తెలియదు.

ఎండ ముదిరితే ఆట కట్టు. తొమ్మిదిన్నర దాటిందా, నల్లరేగడి వేడెక్కి గాలి పైకి తంతుంది, విమానం గతుకుల రోడ్డు మీద పాత బస్సు. గద్దలు రెక్కలాడించకుండా గుండ్రంగా తిరుగుతున్న చోటు కనబడితే అక్కడ గాలి లేస్తోందని అర్థం, బావ అటు పోయేవాడు కాదు, గద్ద తగిలినా ప్రమాదమే. వేడి గాలి పల్చన, రెక్కకి పట్టు తగ్గుతుంది, ఇంజను బలమూ తగ్గుతుంది, రన్‌వే ఎక్కువ తింటుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో విమానం హైదరాబాదుకి పోయేది, మేం మామిడికాయలకి పోయేవాళ్ళం.

దిగేటప్పుడు నేల దగ్గర పడ్డాక రెక్కలోంచి సన్నగా ఒక కూత వస్తుంది. స్పీడు బాగా తగ్గింది జాగ్రత్త అని చెప్పే హారన్ అది, కరెంటు కూడా అక్కర్లేదు, గాలి పీల్చుకునే పీక లాంటిది. కొత్తగా ఎక్కినవాళ్ళు అది విని బావ వైపు భయంగా చూసేవాళ్ళు. ఆ కూత వచ్చిన వెంటనే చక్రాలు తగిలితే మంచి ల్యాండింగ్ అన్నట్టు. తర్వాత ఇంజను ఆపేసి, విమానాన్ని చేత్తోనే తోసుకుంటూ స్థలంలో పెట్టి, నేలలో ఉన్న కొక్కేలకి తాళ్ళతో కట్టేసేవాళ్ళం. కట్టిన ముడి మీద మా బావకి నమ్మకం ఉండదు, మళ్ళీ తనే విప్పి కట్టేవాడు.

అమ్మేయడానికి పెద్ద కథేం లేదు. ఆ ఇంజనుకి 2000 గంటలు తిరిగాక ఓవర్‌హాల్ చేయించాలి. ఆ గడువు దగ్గర పడింది, దాని ఖర్చు చూస్తే విమానం కొన్న రేటుని గుర్తుచేసేలా ఉంది, వాటాదారుకి పిల్లల చదువులు, బావకి ఆ ఏడు పొగాకు మార్కెట్టు బాగాలేదు. ఎవరో వచ్చి చూసుకుని తీసుకెళ్ళారు. ఇప్పుడు గన్నవరం రన్‌వే 3,360 మీటర్లు, పెద్ద పెద్ద జెట్లు దిగుతున్నాయి. నేను కూడా అక్కడే ఎక్కుతుంటాను, కిటికీ సీటు అడుగుతాను, బ్యారేజీ కనబడేలోపే మబ్బుల్లోకి పోతాం.

2024 నవంబరులో బెజవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ నడిపి చూశారు కదా, ట్విన్ ఆటర్ అని, కృష్ణలోంచి లేచి అక్కడ నీళ్ళలో దిగింది. టీవీలో చూస్తుంటే ఫోన్ మోగింది. బావే. ఇప్పుడు గుంటూరులోనే ఉంటున్నాడు, మోకాళ్ళ నొప్పులు. హలో కూడా లేదు, "ఫ్లాప్స్ చూశావా, ఎంత దింపాడో?" అన్నాడు. ఫ్లాప్స్ అంటే రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలు, ఎంత దింపాడో నాకేం తెలుసు. కాసేపు గాలి గురించీ అలల గురించీ మాట్లాడి, "శ్రీశైలం దాకా ఎందుకురా వీళ్ళకి" అని మొదలుపెట్టాడు. "భవానీ ద్వీపం చుట్టూ తిప్పి, దుగ్గిరాల దాకా తీసుకెళ్ళి, లాకుల మీద ఒక రౌండు కొట్టి, ఎక్కిన ఘాటులోనే దింపమను. జనం క్యూ కడతారు."

ఎవరు కడతారు బావా, ఎక్కడికీ పోని విమానానికి టిక్కెట్టు ఎవరు కొంటారు అన్నాను.

"నువ్వు కొనవా?" అన్నాడు.

రెండు కొంటానని చెప్పాను. ముందు బరువు తగ్గమన్నాడు.